కౌంటు దొరలు, కాశ్యప గోత్రం

వెయ్యేళ్ల కిందట చచ్చిపోయిన మనుషుల మీద నాకింత కోపం వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. బతికున్నవాళ్ల మీద కోప్పడటానికే నాకు తీరిక చాలదు. ఐర్లండ్‌లో, వాటర్‌ఫోర్డ్ ఆసుపత్రిలో పిల్లల డాక్టర్ని. వారమంతా దగ్గులూ జ్వరాలూ, కంగారుపడే తల్లులూ. ఆదివారం మధ్యాహ్నం నాలుగు మెతుకులు తిని నడుం వాల్చాల్సిన దాన్ని, పక్కింటి మాస్టారి డైనింగ్ టేబుల్ ముందు కూర్చుని, ఈ పెద్దమనిషి ఆ పెద్దమనిషి కొడుకా, తమ్ముడి కొడుకా, లేక వాడే వీడా అని జుట్టు పీక్కుంటున్నాను.

మాస్టారు ఇక్కడి మనిషే. హైస్కూల్లో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. భార్య పోయారు, పిల్లల్లేరు. నాకు ఆసుపత్రి డ్యూటీ, మావారికి రెండు గంటల దూరంలోని శాండీఫోర్డ్ ఆఫీసు ఒకేసారి పడ్డ రోజుల్లో, చిన్నప్పుడు మా అమ్మాయిని బడి నుంచి తీసుకొచ్చి, టోస్టు పెట్టి, హోంవర్కు చేయించింది ఆయనే. మా అమ్మాయికి తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు ఇంగ్లీషులో వస్తుంది. ఆ ఇంగ్లీషు, యాసతో సహా, మాస్టారిది. అందుకని ఆయనకి చూపు మందగించి, "నా వంశవృక్షాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి పెడతావా, డాక్టర్?" అని అడిగినప్పుడు కాదనలేకపోయాను. ఆయన వంశమేమో, రెండు ఆదివారాల్లో తేలిపోతుందనుకున్నాను.

ఆయన వంశం కాదు. ఫ్రాన్సులో లువార్ నది పక్కన ఒక చిన్న సీమని పాతకాలంలో ఏలిన కౌంటు దొరల వంశం. కౌంటంటే రాజు తరఫున ఒక ప్రాంతాన్ని చూసుకునే అధికారి. మొదట్లో అది ఉద్యోగం. రానురానూ తండ్రి తర్వాత కొడుక్కి దక్కే ఆస్తి అయింది. ఎప్పుడు అయింది, ఏ కొడుక్కి దక్కింది అన్నదే మాస్టారి జీవితకాలపు పుస్తకం. నేను ఈ దేశానికి రాకముందు మొదలుపెట్టారట. ఇంకా మొదటి అధ్యాయంలోనే ఉన్నారు.

ఎందుకున్నారో నాకు మెల్లగా తెలిసొచ్చింది. ఆ దొరల్లో దాదాపు అందరికీ ఒకటే పేరు. ఇంటిపేరు లేదు. ఫలానా కౌంటు ఫలానా పొలాన్ని మఠానికి ఇచ్చాడని ఒక దానపత్రంలో ఉంటుంది. తండ్రెవరో ఉండదు. ఒక తరం గడిచాక అదే పేరుతో మరో కౌంటు మరో పొలం ఇస్తాడు. ఇతను ముసలివాడైన ఆ మొదటివాడేనా? కొడుకా? అన్న కొడుకా? లేక వాణ్ణి చంపి వచ్చిన వేరే ఇంటివాడా? ఆ తర్వాతెప్పుడో ఒక సన్యాసి, అప్పటి దొరగారు సంతోషించేలా, వీళ్లందర్నీ ఒక వరసలో కూర్చోబెట్టి వంశచరిత్ర రాశాడు. దాన్ని నమ్మే పండితులు కొందరు, నమ్మనివాళ్లు కొందరు. మాస్టారు రెండు పక్షాలనూ చదివి, రెంటికీ తల ఊపి, నా వైపు తిరిగి "బహుశా" అంటారు.

ఈ బహుశాతో నా తలప్రాణం తోకకొచ్చింది. వంశవృక్షంలో రుజువున్న చుట్టరికానికి గట్టి గీత, ఊహకి చుక్కల గీత. అది ఆయన పెట్టిన నియమం. నేను గట్టి గీతలు గీసి ఇంటికి పోతాను. వచ్చే ఆదివారానికి ఆయన మనసు మారి ఉంటుంది. "దాన్ని చుక్కలు చెయ్యి డాక్టర్, అంత రుజువు లేదు." కంప్యూటర్ తెర మీద ఎక్కడ చూసినా చీమల బారులే.

నాకు ఓర్పు తక్కువ. రోగం పేరు తెలియకపోతే నిద్రపట్టని వృత్తి నాది. ఆ దొరల్లో మూడోవాడొకడు నన్ను మరీ విసిగించాడు. వంశమంతటికీ ఉన్న పేరు వీడికి లేదు. వీడి పేరు నది అవతలి ఇంకో కుటుంబంలో తరతరాలుగా వస్తున్న పేరు. పైగా ఆ అవతలి కుటుంబం పొలాలు కొన్ని వీడి చేతిలోకొచ్చాయి. తల్లి ఎవరో ఎక్కడా లేదు. ఈ ఒక్క ప్రశ్న మీద పండితులు కొట్టుకున్న కొట్లాట చదివి చదివి చిర్రెత్తుకొచ్చి, ఒక ఆదివారం నేనే తేల్చిపారేశాను. అవతలి కుటుంబం పిల్ల ముందొకసారి ఈ ఇంటికి కోడలిగా వచ్చింది. ఆమె కొడుకు తన మేనమామ కూతుర్ని చేసుకున్నాడు. పుట్టిన పిల్లాడికి తల్లివైపు తాత పేరు పెట్టారు. పేరూ కలిసింది, పొలమూ కలిసింది. ఇంత చిన్న విషయానికి ఇన్ని పుస్తకాలా అనిపించింది.

మాస్టారు భూతద్దం పట్టుకుని తెర మీదికి వంగారు. "ఇదేమిటి, ఈ ఇద్దరి మధ్యా రెండు దారుల్లో గీతలున్నాయి?"

"మేనమామ కూతురు. మేనరికం," అన్నాను, బోర్డు పరీక్షలో ఫస్టొచ్చినంత ధీమాగా.

ఆయన ఎంత నవ్వారంటే కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకోవాల్సి వచ్చింది. ఆ రోజుల్లో చర్చి మేనమామ కూతుర్ని కాదుకదా, ఎక్కడో పై తరాల్లో కలిసిన దూరపు చుట్టాన్ని కూడా చేసుకోనిచ్చేది కాదట. "భార్యని వదిలించుకోవాలనుకున్న దొర ఏం చేసేవాడో తెలుసా? మేమిద్దరం దూరపు చుట్టాలమని ఒక వంశవృక్షం రాయించుకునేవాడు. పెళ్లి రద్దు. ఆ కాలం వంశవృక్షాల్లో కొన్ని పెళ్లి చెడగొట్టడానికి పుట్టినవే."

నాకు నవ్వు రాలేదు. చదువుకునేటప్పుడు గుంటూరులో ఏ పిల్లాణ్ణి తీసుకొచ్చినా తల్లిని మొదట అడగమన్న ప్రశ్న మేనరికమా అని. ఆ అలవాటు కొద్దీ ఇక్కడ ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఐరిష్ తల్లిని, మీవారు మీకేమన్నా చుట్టమా అని అడిగి, ఆవిడ చూసిన చూపుకి చచ్చినంత పనయింది. ఇన్నేళ్లకి అదే తప్పు వెయ్యేళ్ల కిందటి దొర దగ్గర చేశాను. గీతలు తుడిచి చుక్కలు పెట్టి, ఆ రోజు టీ తాగకుండానే ఇంటికొచ్చేశాను.

అంతటితో పోయేది. కానీ అదే వేసవిలో మా అమ్మాయి పెళ్లి మాట వచ్చింది. తను లిమరిక్‌లో ఉద్యోగం చేస్తోంది. అబ్బాయి వాళ్లుండేది అక్కడికి దగ్గర్లోని ఎన్నిస్‌లో. సొంతూరు వాళ్లది కరీంనగర్, మాది గుంటూరు. ఇద్దరూ వాళ్లంతట వాళ్లే కలుసుకున్నారు, ఇష్టపడ్డారు. అబ్బాయి తల్లిదండ్రులు పిల్లలిద్దర్నీ కారెక్కించుకుని మా ఇంటికొచ్చారు. అబ్బాయి తల్లి మంచి మనిషి, కలుపుగోలు మనిషి. పప్పు వడ్డిస్తుంటేనే నన్ను వదినా అనేసింది. భోజనాలయ్యాక ముహూర్తం కోసం వాళ్ల పంతులుగారికి వీడియో కాల్ పెట్టారు. ఆయన మా గోత్రం అడిగారు.

"కాశ్యప గోత్రమండీ," అన్నారు మావారు.

ఆవిడ చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టింది. "మాది గూడ కాశ్యపమే గదా," అంది.

పంతులుగారు గొంతు సవరించుకున్నారు. ఒకే గోత్రమంటే అన్నాచెల్లెళ్ల వరస, పెళ్లి కుదరదని మా అమ్మాయికి నేను వివరించాల్సి వచ్చింది. అది అబ్బాయి వైపు చూసి, నా వైపు చూసి, "ఆర్ యూ సీరియస్, మామ్?" అంది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నేను డాక్టర్ని చెప్తున్నాను, వీళ్లిద్దరికీ రక్తసంబంధం ఏమీ లేదు. సొంత మేనమామ కూతుర్ని చేసుకుంటే లేని పట్టింపు, ఎప్పటి ఋషి పేరో కలిసిందని వచ్చిందా?" అన్నాను.

"నాకేం పట్టింపు లేదొదినా," అంది ఆవిడ. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. "గని రేపు పొద్దున పిల్లగాండ్లకు ఏమన్న కష్టమొస్తే, వద్దంటే జేసిన్నని నా మనసుకే కొడ్తది. జీవితమంత గదే యాదికొస్తది." ఆవిడ మొండితనంతో అన్న మాటయితే కొట్లాడేదాన్ని. భయంతో అన్నది. రోజూ తల్లుల భయాలు చూసేదాన్ని, ఏమనగలను?

వాళ్లు వెళ్లాక మావారిని నిలదీశాను. "మీ గోత్రం నిజంగా కాశ్యపమేనా?"

"అంతే అనుకుంటా," అన్నారు.

అనుకుంటా అట. మాస్టారి చుక్కల గీత మా ఇంట్లో సోఫాలో కూర్చుని టీవీ చూస్తోంది. ఊళ్లో ఉన్న ఆయన మేనత్తకి ఫోన్ చేశాను. ఆ తరంలో మిగిలింది ఆవిడొక్కతే.

"మా నాన్నకేం తెలుసమ్మాయ్!" అందావిడ. "పసితనంలోనే అందరూ పోతే తెనాల్లో కొట్టాయనెవరో చేరదీశాడు. మా అమ్మతో పెళ్లప్పుడు పంతులుగారు గోత్రమేంటబ్బాయ్ అంటే బిక్కమొహం వేశాట్ట. తెలియనివాళ్లకి కాశ్యపమనేగా చెప్పేది? అట్టాగే కానిచ్చేశారు. అప్పట్నించీ అదే మన గోత్రం."

నేను ఫోన్ పెట్టేసి వంటింట్లో గట్టిగా నవ్వాను. రుజువు దొరికింది. కాశ్యపం మాది కాదు, ఎవరో పంతులుగారు ఖాళీ పూరించడానికి అతికించింది. వెంటనే ఎన్నిస్‌కి ఫోన్ చేసి పూసగుచ్చినట్టు చెప్పాను.

ఆవిడ ఓపిగ్గా విన్నది. "మరి మీ అసలు గోత్రమేందొదినా?"

"తెలియదు."

"తెల్వదంటే, కాశ్యపం కాదని గూడ తెల్వనట్టే గదా? అసలుది గూడ కాశ్యపమే అయ్యుంటే ఎట్ల?"

మళ్లీ చేస్తానని ఫోన్ పెట్టేశాను. ఎందుకంటే ఆవిడ చెప్పింది నిజం. రుజువు లేకపోవడం వేరు, కాదని రుజువవడం వేరు. ఈ వాక్యం ప్రతి ఆదివారం నేను పక్కింట్లో వింటూనే ఉన్నాను. మాస్టారికి చెబితే నా పక్షాన రెండు మాటలు అంటారనుకుని వెళ్లాను. ఆయన ముఖం వెలిగిపోయింది. "ఆవిడ చరిత్రకారురాలు కావాల్సింది!" అన్నారు. అక్కడున్న భూతద్దం తీసి విసిరేద్దామన్నంత కోపం వచ్చింది.

చివరికి దారి చూపింది ఎన్నిస్ వాళ్ల పంతులుగారే. ఇలాంటివి మన పద్ధతుల్లో కొత్తేం కాదట. అమ్మాయిని మేనమామకి దత్తతగా ఇచ్చి, ఆ దంపతులతో కన్యాదానం చేయిస్తే గోత్రం మారిపోతుంది. మా తమ్ముడూ మరదలూ శాండీఫోర్డ్‌లోనే ఉంటారు. లువాస్ ట్రామ్ స్టేషన్ పక్క అపార్ట్‌మెంట్. మా పుట్టింటి గోత్రం వేరు. అబ్బాయి తల్లి ఊపిరి పీల్చుకుంది. అందరి మొహాలూ విప్పారాయి, నాదొక్కటి తప్ప.

ఒక్కగానొక్క పిల్ల. దాని పెళ్లిలో పీటల మీద కూర్చుని, మావారు అల్లుడి కాళ్లు కడుగుతుంటే నేను చెంబుతో నీళ్లు పోయాలి. ఈ దేశంలో ఎన్ని పెళ్లిళ్లకెళ్లినా ఆ ఘట్టం రాగానే నా వంతు ఎప్పుడా అని చూశాను. ఇప్పుడు ఆ చెంబు మా మరదలి చేతికిచ్చి నేను కుర్చీల్లో కూర్చోవాలా? ఎవరి తాతో బిక్కమొహం వేసినందుకు నా కూతురికి నేను తల్లిని కాకుండా పోవాలా? ఇల్లు అదిరేలా అరిచాను.

"నువ్వు మా అమ్మవి కాకుండా ఎలా పోతావు? ఎవరు కూర్చుంటే ఏంటి? ఇట్స్ గ్రాండ్, మామ్," అంది అమ్మాయి తన ఇంగ్లీషులో. ఫర్వాలేదనడానికి ఆ మాటే, చెయ్యి విరిగినా గ్రాండే, వాన పడినా గ్రాండే ఈ దేశంలో. ఆ మాట వింటేనే నాకు ఒళ్లు మంట.

మావారు మాత్రం అరవలేదు. "ఎవరో ఇచ్చిన గోత్రమేగా, మనం పోగొట్టుకునేదేముంది," అంటూ డిష్‌వాషర్లో గిన్నెలు తీసి సర్దడం మొదలుపెట్టారు. కాసేపటికి చూస్తే పళ్లేలన్నీ పప్పుడబ్బాలుండే అలమరలో, ఇక్కడివాళ్ల మాటలో ప్రెస్‌లో, పెట్టేశారు. ఆ అర చూశాక ఇంక నేను అరవలేకపోయాను. సరేనన్నాను.

పెళ్లి లిమరిక్‌లో ఒక హోటల్లో. తమ్ముడూ మరదలూ పీటల మీద. మేమిద్దరం ముందు వరసలో, నా పక్కన కోటూ టైతో మాస్టారు. ప్రవర గురించి ఆయనకి ముందే చెప్పి ఉంచాను. ఈ పిల్ల ఫలానావారి మునిమనవరాలు, ఫలానావారి మనవరాలు, ఫలానావారి కూతురు అని మూడు తరాలూ అందరి ముందూ పైకి చదువుతారని, ఒకసారి కాదు, మూడుసార్లు చదువుతారని. ఆయన చిన్నపిల్లాడిలా ముందుకి వంగి కూర్చున్నారు. "నా దొరల పెళ్లిళ్లలో ఎవరన్నా ఇలా ఒక్కసారి చదివి ఉంటే నా పుస్తకం ఎప్పుడో అయిపోయేది," అని గొణిగారు.

నేను బింకంగానే ఉన్నాను. ఏడవకూడదని పళ్లు బిగించి, మరదలి చేతిలో చెంబు వైపు చూడకుండా పూలదండలు చూస్తున్నాను. పంతులుగారు మైకులో అబ్బాయి ప్రవర ముగించి అమ్మాయిది అందుకున్నారు. మునిమనవరాలు అన్న చోట మా తాతయ్య పేరు వచ్చింది. మనవరాలు అన్న చోట మా నాన్న పేరు వచ్చింది.

దీన్ని నేను ముందే ఊహించి ఉండాల్సింది. తమ్ముడి కూతురిగా చెప్తే ఆ పైన వచ్చేది మా నాన్నే కదా. కోపంలో ఆ లెక్క తట్టనేలేదు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. నన్ను మెడిసిన్‌లో చేర్చిన రోజు హాస్టల్ గేటు దగ్గర నిలబడి, వెళ్లమంటే వెళ్లకుండా, చేతిసంచీ అటూ ఇటూ మార్చుకున్న మనిషి. నేను అత్తగారింటికి వచ్చినప్పటినుంచి ఏ పూజలో, ఏ శుభకార్యంలో ఆయన పేరు చదివే అవసరం ఎవరికీ పడలేదు. నా కూతురి పెళ్లిలో కూడా మామూలుగా అయితే పడేది కాదు. ఇప్పుడు మైకులో, హాలంతా వినేట్టు, మూడుసార్లు. నేను వెక్కివెక్కి ఏడ్చాను. మావారు నా చెయ్యి పట్టుకున్నారు.

మాస్టారు నా చెవి దగ్గరికి వంగారు. "ఆ రెండో పేరు ఎవరిది?"

"మా నాన్నది. అది నిజమే. ఆయన మనవరాలే."

"మరి నీ పేరెప్పుడు చదువుతారు?"

"చదవరు. మేం పీటల మీద కూర్చున్నా చదివేవాళ్లు కాదు. ఇందులో తండ్రులే ఉంటారు."

చెబుతుంటే నాకే అర్థమైంది, ఇన్ని వారాలు నేను దేనికోసం ఇల్లు అదరగొట్టానో అందులో నా పేరుకి చోటే లేదని. మళ్లీ కోపం వచ్చింది. ఈసారి ఎవరి మీదో తెలియలేదు. మాస్టారికి అక్షింతలు వెయ్యమని చూపిస్తే వేశారు.

తర్వాతి ఆదివారం ఆయనే గుమ్మంలో నిలబడి ఎదురుచూస్తున్నారు. కూర్చోగానే చెప్పారు. "వెయ్యేళ్లయ్యాక మొన్నటి పెళ్లి గురించి నాకు తెలిసిందనుకో. ముగ్గురు మగవాళ్ల పేర్లు, వందమంది సాక్షులు, మూడుసార్లు. మీ అమ్మాయి మీ తమ్ముడి కూతురని గట్టి గీత గీసేవాణ్ణి. అంతకంటే మంచి రుజువు నాకెప్పుడూ దొరకలేదు. అదీ తప్పే." తెర వైపు చూపించి, "ఉన్న గట్టి గీతలు కూడా చుక్కలు చెయ్యి, డాక్టర్," అన్నారు.

నేను మౌస్ బల్ల మీద కొట్టాను. ఇన్ని ఆదివారాల చాకిరీ. "ఒక్కటన్నా గట్టిగా ఉంచరా? ఈ వంశం మొత్తంలో మీకు నిజంగా తెలిసిందంటూ ఒక్కటీ లేదా?"

ఆయన కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. భూతద్దం తీసి తెర మీద మెల్లగా ఒక్కొక్క దొర దగ్గరికీ జరిపారు. "ఒకటి తెలుసు," అన్నారు. "ఒక్కొక్కడి పైనా ఇంకో గడి పెట్టు. పేరేమీ రాయకు. తల్లి. దానికి మాత్రం గట్టి గీత గియ్యి."

నేను గడులు పెట్టుకుంటూ వచ్చాను. మొదటివాడికి, రెండోవాడికి. నన్ను అంతగా విసిగించిన మూడోవాడి దగ్గరికి, వేరే ఇంటి పేరు పెట్టుకుని వచ్చినవాడి దగ్గరికి రాగానే చెయ్యి ఆగింది. ఖాళీ గడి నుంచి వాడి దాకా గీత గీశాను. కళ్లు మసకబారితే తుడుచుకుని, మామూలుగా అడిగినట్టే అడిగాను.

"దీని పక్కన బహుశా అని రాయమంటారా?"

"వద్దు," అన్నారు మాస్టారు. "ఇక్కడ బహుశా లేదు."